తడవని వాన డబ్బా

తప్పుడు వాతావరణ సూచనను మించిన వరం ఈ భూమ్మీద మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. పొద్దున్నే కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, పూర్తి స్పృహలో ఉండి రాస్తున్న మాట ఇది. నా పేరు ఎర్మోజెనెస్. ముప్ఫై ఏడేళ్ళు తపాలా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ముద్ర లేని కాగితాన్ని నమ్మను, ముద్ర ఉన్నదాన్ని శంకించను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా కురురు ఊళ్ళో అర్జీలన్నీ నాచేతే రాయిస్తారు. ఈ వారం కూడా ఒక అర్జీ రాయాల్సి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ వరం సంగతి తేలుద్దాం.

"రేపు పొడి వాతావరణం" అంటుంది వాతావరణ ఆఫీసు. తెల్లారేసరికి కుండపోత! అందరూ ఆఫీసుని దుమ్మెత్తి పోస్తారు. అయ్యా, కాస్త నిదానంగా ఆలోచించండి. ఆ ఆఫీసే లేకపోతే ఈ దుమ్మంతా ఎవరి మీద పడాలి?

మా ఇల్లే తీసుకోండి. నా భార్య జుల్మీరా పెళ్ళయిన నాటి నుంచి ప్రతి దానికీ నన్నే అనేది. కుస్కుస్, అదే మా మొక్కజొన్న ఉప్మా, గట్టిపడితే నేను. కోడి గుడ్డు పెట్టకపోతే నేను. ఆమె అక్కకి మోకాలు నొప్పి వచ్చినా నేనే! ఊళ్ళో వాతావరణ కేంద్రం తెరిచారు చూడండి, ఆ మర్నాటి నుంచి నా బతుకు తెరిపిన పడింది. ఆరేసిన బట్టలు తడిస్తే కేంద్రం, అప్పడాల్లా ఎండితే కేంద్రం. ఇప్పుడు నేను గుడ్డ ఉయ్యాలలో పడుకుని వింటూ ఉంటాను, అంతే.

మా ఫుట్‌బాల్ జట్టు కిందటేడు పక్క ఊరి చేతిలో ఆరు గోల్స్ తేడాతో ఓడింది. "పొడి మైదానం అన్నారు కదండీ, అందుకే పాత బూట్లతో దిగాం" అన్నాడు కెప్టెన్. ఊరంతా అయ్యో పాపం అంది. ఆ ఆరు గోల్స్ కొట్టినవాళ్ళు కూడా ఆ బురదలోనే ఆడారు కదా అని ఒక్కడైనా అడిగాడా? మా మంగలి ఒకవైపు మీసం ఎక్కువ గొరిగి "గాలిలో తేమ లెక్క తప్పిందండీ" అన్నాడు. మీసం పోయినవాడు మంగలిని వదిలేసి కేంద్రం వైపు చూసి పళ్ళు కొరికాడు. పాదిరిగారికైతే మరీ లాభం. ఎండ అని ఆఫీసు చెప్పినప్పుడల్లా దేవుడు వాన కురిపిస్తే గుడికి వచ్చేవాళ్ళు పెరగరా మరి?

ఇక సెల్‌ఫోన్‌లో వచ్చే ఆ సూచన! "వాన పడే అవకాశం నలభై శాతం." ఆహా, ఏం అంకె అండీ! వాన పడిందా, ముందే చెప్పాం అంటుంది. పడలేదా, అప్పుడూ ముందే చెప్పాం అంటుంది. ఈ భాగ్యం ఇంకే వృత్తిలో ఉంది? పళ్ళ డాక్టరు "మీ పుచ్చుపన్ను ఇదే అయ్యే అవకాశం నలభై శాతం" అని పట్టకారు ఎత్తితే ఊరుకుంటారా? తపాలా ఆఫీసులో నేను "ఈ ఉత్తరం మీదే అయ్యే అవకాశం నలభై శాతం" అని ఇంటింటికీ పంచి ఉంటే ఇవాళ నాకు పెన్షను వచ్చేదా?

కాబట్టి తప్పుడు సూచన అంటే నాకు గౌరవం. ఆ గౌరవం కొద్దీ మా కేంద్రంలో పనిచేసే అమ్మాయిని దగ్గర నుంచి గమనిస్తూ వచ్చాను.

ఆమె పేరు ఎదిలేని. వాతావరణ శాస్త్రం చదివి, రెండేళ్ళ కిందట రాజధాని నుంచి మా మెట్టసీమకి ఒంటరిగా వచ్చింది. గాలి ఎటు వీస్తోంది, ఎంత బరువుంది, ఎంత చెమ్మగా ఉంది, అన్నీ రోజుకి మూడుసార్లు కొలిచి రాజధానికి పంపుతుంది. రాజధానిలో వాటిని పెద్ద యంత్రంలో వేస్తారు. యంత్రం సూచన ఇస్తుంది. ఆ సూచన తిరిగి ఎదిలేనికి వస్తుంది. దాన్ని ఆమె కేంద్రం గోడ మీద అంటిస్తుంది. ఆ గోడ ముందు నిలబడి మేం ఆమెని తిడతాం. ఇదీ ఉద్యోగం.

పాపం, రొట్టె కొనుక్కోవడానికి కూడా వెళ్ళే వీల్లేదు ఆ పిల్లకి. కొట్టువాడు "రేపటి సంగతేంటి?" అంటాడు. చేసిన పాపాలు చెప్పుకోవడానికి గుడికి వెళితే పాదిరిగారు తెర వెనక నుంచి "ఆదివారం ఊరేగింపుంది, మబ్బు పడుతుందా తల్లీ?" అని అడిగారట. ఒకసారి మామూలుగా గొడుగు పట్టుకుని బజారుకి వచ్చింది. ఆ గొడుగు చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ పరుగున వెళ్ళి బట్టలు తీసేశారు, ఇటికల బట్టీ వాళ్ళు పచ్చి ఇటికల మీద పట్టాలు కప్పేశారు. ఆరోజు గోడ మీద "పొడి వాతావరణం" అని ఉంది. వారం తిరక్కుండా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు సూచనకి విరుద్ధంగా సిబ్బంది గొడుగు పట్టరాదు!

నేను కల్పించి రాయడం లేదు. ఆ కవరు నాకు చూపించింది. ముద్ర ఉంది.

అప్పటి నుంచి ఆమె గొడుగు లేకుండానే తిరిగింది. తడిసింది కూడా. ఎందుకంటే మా ఊరి సూచన ఎప్పుడూ "పొడి"యే. మా ఊరి సూచనకి మా ఊరి పాత లెక్కలే పునాది అట, ఆ లెక్కల్లో పదకొండేళ్ళుగా వాన అన్నది లేదట. కురురు అంటే కప్ప. కప్ప పేరు పెట్టుకున్న ఊరు, లెక్కల్లో మాత్రం చుక్క నీళ్ళు లేవు. ఎందుకు లేవో ఆమెకి అర్థం కాలేదు. అప్పటికి నాకూ అర్థం కాలేదు.

ఇక రెండో శాస్త్రజ్ఞుడు బెలర్మీనో. మా ఊరి వాన జోస్యుడు. నా పెద్దకొడుక్కి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రి, అందుకని మేం ఒకర్నొకరం కొంపాద్రే అని పిలుచుకుంటాం. రెండెకరాల మెట్ట, ఇంట్లో తినేవాళ్ళు ఏడుగురు. డిసెంబరులో పునీత లూసియా పండుగ ముందురోజు సాయంత్రం ఒక చెక్క మీద ఆరు ఉప్పురాళ్ళు వరసగా పెట్టి ఆరుబయట ఉంచుతాడు. జనవరి నుంచి జూన్ దాకా నెలకో రాయి. పొద్దున ఏ రాయి కరిగితే ఆ నెలలో వాన. వాళ్ళ నాన్నా అలాగే చూశాడు, తాతా అలాగే చూశాడు.

ఈసారి పొద్దున చూస్తే ఫిబ్రవరి, మార్చి రాళ్ళు మాయం! కరగడం కాదు, ఆనవాలు కూడా లేదు. బెలర్మీనో చెక్క ముందు మోకాళ్ళ మీద పడి దణ్ణం పెట్టుకున్నాడు.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. ఆ తెల్లవారుజామున మా మేక బరొనేజా కట్టు తెంపుకుని ఆ దిక్కు నుంచి మూతి నాక్కుంటూ రావడం నేను కళ్ళారా చూశాను. మరి చెప్పావా అంటారా? చెప్పలేదు. అంత ఆనందంలో ఉన్నవాడికి మేక సంగతి ఎలా చెబుతాం?

జనవరిలో మా క్లబ్బు హాల్లో వాన జోస్యుల సభ జరిగింది. బెలర్మీనో టోపీ తీసి, ఛాతీ విరుచుకుని లేచాడు.

"ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ వాన దంచి కొడుతుంది. నా జన్మలో అట్టాంటి రాళ్ళు చూళ్ళేదు."

వెనక వరసలో కూర్చున్న ఎదిలేని తలాడించింది. సభ అయ్యాక కాఫీ దగ్గర అతనితో మెల్లగా అంది. "మీ రాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, ఈ ఏడు మనవైపు సముద్రం బాగా వేడెక్కింది బెలర్మీనో గారూ. అలా వేడెక్కిన ఏడు వాన మబ్బులు మనదాకా దిగుతాయి. నాకూ మీ మాటే నిజం అనిపిస్తోంది."

"మరి గోడ మీద పొడి అని రాశారేంటి డాక్టరమ్మా?" అన్నాడు. పెద్ద చదువు చదివినవాళ్ళందరూ మాకు డాక్టర్లే.

"గోడ నాది కాదండీ."

చూశారా? ఒక పక్క శాస్త్రం, ఒక పక్క మేక, ఇద్దరిదీ ఒకే మాట! అటు రాజధాని యంత్రం, దానికి ఆధారమైన మా ఊరి లెక్కలు, వాటిదింకో మాట.

ఇదంతా ఎందుకింత ముఖ్యమంటే, మాకు విత్తనాల లారీ రావాలి. మొక్కజొన్న, చిక్కుడు విత్తనం ప్రభుత్వమే ఇస్తుంది. పది రోజుల్లో ఎనభై మిల్లీమీటర్ల వాన ఊరి రిజిస్టర్లో పడితేనే లారీ కదలాలి, అదీ షరతు. మార్చి పందొమ్మిదిన పునీత యోసేపు పండుగలోగా విత్తితే జూన్లో పునీత యోహాను పండుగ మంటల్లో మన చేలో కండె మనం కాల్చుకుంటాం. ఆ తేదీ దాటితే విత్తినా మిగిలేది చొప్పే.

ఫిబ్రవరి రెండోవారంలో మొదలైంది. అబ్బో, ఏం వాన అనుకున్నారు! వీధుల్లో ఏరులు. నా చెప్పు ఒకటి కొట్టుకుపోయి క్లబ్బు మెట్ల దగ్గర దొరికింది. కప్పల అరుపులకి పాదిరిగారు ప్రసంగం మధ్యలో ఆపేశారు. రైతులందరూ దుక్కి దున్ని, గుంతలు తీసి, లారీ కోసం కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నారు.

లారీ రాలేదు. రాజధాని నుంచి కబురు వచ్చింది. "మీ ఊళ్ళో వాన నమోదు కాలేదు."

జనం కేంద్రం మీదికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు నిలువునా తడిసి ఉన్నారు. గోడ మీద కాగితం కూడా తడిసి, "పొడి" అన్న మాట సిరా కారి కిందికి జారుతోంది.

"ఏమమ్మా, నీకు కళ్ళు కనపడటల్లా? ఇదేంటి, మా చెమటనుకున్నావా?"

"నా నెత్తి మీదా పడుతోందండీ, నాకూ తెలుసు. కానీ వాన లెక్క నేను పంపను. దానికి వేరే మనిషి ఉన్నారు. రిజిస్టర్లో రోజూ సున్నా వస్తోంది."

"ఎవరా మనిషి?"

పేరు చెప్పలేదు ఆ పిల్ల. "కనుక్కుంటాను" అంది అంతే. గుంపులో చివర నిలబడ్డ నేను కూడా "అవును, కనుక్కోవాలి!" అని గట్టిగా అరిచాను.

ఆ మనిషిని నేనే.

పదకొండేళ్ళ కిందట వర్షమాపకాన్ని మా పెరట్లో పెట్టి వెళ్ళారు. తెల్లటి డబ్బా, లోపల సీసా, పక్కన గీతలున్న కొలగ్లాసు. మా ఇంట్లో వాన డబ్బా అంటాం. రిటైరైన గుమాస్తా, నిజాయితీపరుడు, గుండ్రటి చేతిరాత అని నన్నే ఎంచుకున్నారు. జీతం లేదు, గౌరవం మాత్రమే. రోజూ ఉదయం ఏడింటికి చూసి అంకె రాసి పంపాలి. ఒక్కరోజు తప్పలేదు నేను!

వానలోనే గొడుగు లేకుండా మా ఇంటికి వచ్చింది ఎదిలేని. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జుల్మీరా తల తుడుచుకోమని తువ్వాలు ఇవ్వబోయింది. తువ్వాలు లేదు. అది డబ్బాకి చుట్టి ఉంది.

పొయ్యి పక్కన పీట మీద, నా మంచి తువ్వాలు కప్పుకుని, వెచ్చగా, పొడిగా కూర్చుని ఉంది ప్రభుత్వ వర్షమాపకం.

ఎదిలేని దాన్ని చూసింది. కిటికీలోంచి వానని చూసింది. నన్ను చూసింది.

"ఎర్మోజెనెస్ గారూ, ఇది ఇక్కడెందుకుంది?"

"వాన పడుతోంది కదమ్మా!" అన్నాను.

"అందుకని?"

"తడిస్తే పాడైపోదూ? ప్రభుత్వ వస్తువు."

నేను బీరువాలోంచి ఫారం తెచ్చి చూపించాను. "ఈ పరికరానికి ఏ విధమైన నష్టం కలగకుండా కాపాడే బాధ్యత సంతకం చేసినవారిదే." కింద నా సంతకం, పైన ముద్ర. పదకొండేళ్ళుగా మబ్బు పడితే చాలు, అన్నం దగ్గర్నుంచి కూడా లేచి పరుగెత్తి దాన్ని లోపలికి తెచ్చాను. ఒక్క చుక్క పడనివ్వలేదు. చూడండి, ఇప్పటికీ కొత్తదానిలా మెరుస్తోంది!

"మరి పొద్దున్నే సున్నా అని ఎలా రాశారు? రాత్రంతా వాన శబ్దం వినపడలేదా?"

"నేను పరికరంలో ఉన్నదే రాస్తానమ్మా. ఆకాశంలో ఉన్నది రాయమని ఫారంలో ఎక్కడా లేదే?"

జుల్మీరా ఒంటికాలి మీద లేచింది. "నేను చెప్తూనే ఉన్నా అమ్మాయ్! ఆ గ్లాసన్నా వాడుకుంటున్నా కాబట్టి సరిపోయింది, లేకపోతే దేనికీ పనికిరాని డబ్బా అది." ఆ కొలగ్లాసుతోనే మా ఇంట్లో దగ్గుమందూ, ఎవరైనా వస్తే కషాసా అనే చెరుకు సారాయీ కొలుస్తాం. బెలర్మీనో వచ్చినప్పుడల్లా "కొంపాద్రే, ఇవాళ మబ్బుగా ఉంది, ఓ ఇరవై మిల్లీమీటర్లు పొయ్" అంటాడు. ఆ లెక్కన పదకొండేళ్ళలో మా ఊళ్ళో వాన బాగానే పడింది, నిజానికి.

ఎదిలేని తిట్టలేదు. అరవలేదు. పీట మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. చేతులు తీశాక చూస్తే నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళతో. తర్వాత తనే డబ్బాని ఎత్తుకెళ్ళి పెరట్లో పెట్టింది. జుల్మీరా తువ్వాలు మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు ఉదయం ఏడింటికి చూశాం. డెబ్బై నాలుగు మిల్లీమీటర్లు! ఏడు అంకె వేసి ఎన్నేళ్ళయిందో! గుండ్రంగా రాసి పంపాను. ఇంకొక్క జల్లు, లారీ కదిలినట్టే.

ఇప్పుడు మీరు సంతోషించబోతున్నారు. ఆగండి. రాజధాని అంటే ఏమనుకున్నారు?

సాయంత్రానికే జవాబు. "పదకొండేళ్ళలో మీ ఊళ్ళో అత్యధిక వర్షపాతం రెండు మిల్లీమీటర్లు. డెబ్బై నాలుగు అసంభవం. ఎవరో బకెట్టుతో పోసి ఉంటారు. విచారణ ముగిసేదాకా మీ ఊరి లెక్కలు నిలుపు చేయడమైనది." ముద్ర ఉంది. ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కడివంటారా? ఒకనాడు డబ్బా లోపలికి తెస్తుంటే కాలు జారి మా కుండలో నీళ్ళు అందులో ఒలికాయి. నిజాయితీ కొద్దీ రాశాను.

ఎదిలేని ఫోన్ చేసి ఎంత చెప్పినా అవతలివాడు వినలేదు. "అమ్మా, మీరు తడిసుండొచ్చు. మా దగ్గర ఆధారం లేదు" అన్నాడట.

మార్చి పదకొండో తారీఖు. పండుగకి ఎనిమిది రోజులు. బెలర్మీనో మా అరుగు మీద ఎదిలేని ఎదురుగా కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. అతని ఇంట్లో ఒక్క బస్తా ఉంది, సగం మొక్కజొన్న, సగం చిక్కుళ్ళు. విత్తనం కాదు, ఏడుగురూ ఏడాది తినాల్సింది. దాన్ని నేలలో వేసి వాన ఆగిపోతే తిండీ లేదు, పంటా లేదు.

"డాక్టరమ్మా, నాకు గోడ మాట వద్దు. నీ మాట చెప్పు. ఎయ్యనా?"

ఆమె అరుగు చివరికి జరిగి ఆకాశం వైపు చూసింది. సొంతంగా సూచన ఇస్తే ఉద్యోగానికే ఎసరు. నాకు తెలుసు, అలాంటి ఉత్తర్వు కూడా ఒకటి ఉంది, చూశాను.

"వేసేయండి" అంది. "వారం, ఎనిమిది రోజులు తెరిపి ఇస్తుంది. భయపడకండి. మళ్ళీ వస్తుంది. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట."

"నీ మాటే కావాలి తల్లీ" అని టోపీ పెట్టుకుని లేచాడు.

"కేంద్రం ముందు నిలబడి అందరికీ చెబుతాను" అని ఆమె కూడా లేచి వెళ్ళింది. చెప్పింది కూడా. ఒక్కరు వినలేదు. "గోడ మీద అట్టా రాసిపెట్టి నోటితో ఇట్టా చెప్తే ఏది నమ్మాలి?" అన్నారు. లారీ వస్తుందిలే అని కూర్చున్నారు. మా డబ్బా సంగతి తెలిసిన నేను కూడా ఏమీ అనలేదు.

మర్నాడు బెలర్మీనో విత్తాడు. ఆ మర్నాటి నుంచి ఎండ! అదేం ఎండ, నేల చిటపటలాడింది. ఒకరోజు, రెండు రోజులు, ఐదు రోజులు. ఎదిలేని రోజూ ఆ చేను గట్టున నిలబడేది. జుల్మీరా పంపిన అన్నం ముట్టకుండానే తిరిగొచ్చేది. బెలర్మీనో మాత్రం ఆమెని ఒక్క మాట అనలేదు. గట్టు మీద ఆమె కనిపిస్తే టోపీ తీసి పలకరించేవాడు.

పందొమ్మిదో తారీఖు. యోసేపు పండుగ ఊరేగింపు. నెత్తి మీద ఎర్రటి ఎండ, మబ్బు తునక లేదు. పాదిరిగారు ముందు, పునీతుడి విగ్రహం మోస్తున్నవాళ్ళలో బెలర్మీనో ఒకడు, వెనక ఊరంతా. అప్పుడు కేంద్రం తలుపు తెరుచుకుంది. ఎదిలేని బయటికి వచ్చింది.

చేతిలో గొడుగు!

నల్లటి పెద్ద గొడుగు. ఎండలో, ఊరందరి ముందూ, ఉత్తర్వుని లెక్కచెయ్యకుండా దాన్ని టప్పున విప్పి నెత్తి మీద పెట్టుకుని ఊరేగింపులో కలిసింది. పాట ఆగిపోయింది. విగ్రహం మోసేవాళ్ళ అడుగులు తడబడ్డాయి. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత చీమల బారు చెదిరినట్టు బట్టలు తీయడానికి పరుగు తీశారు. క్లబ్బు మూల తిరిగేసరికి గాలి మారింది. బజారుకి చేరేసరికి మొదటి చుక్క బెలర్మీనో చేతి మీద పడింది. గుడి దగ్గరికి వచ్చేసరికి పునీత యోసేపు ముక్కు మీంచి ధార కారుతోంది. బెలర్మీనో విగ్రహం పల్లకీ బొంగు వదలకుండానే ఏడ్చాడు, నవ్వాడు, రెండూ కలిపి ఏదో చేశాడు.

నేనేం చేశాను? అలవాటు ఎక్కడికి పోతుంది? ఊరేగింపు వదిలి డబ్బాని లోపల పెట్టడానికి ఇంటికి పరుగెత్తాను! పెరటి తలుపు దగ్గర జుల్మీరా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ముట్టుకో చూద్దాం."

ముట్టుకోలేదు.

లారీ వచ్చింది. మే రెండో వారంలో, వానలన్నీ అయిపోయి నేల పగుళ్ళిచ్చాక. డ్రైవరు దుమ్ము దులుపుకుంటూ దిగి ఒక కవరు ఇచ్చాడు. "విచారణ పూర్తయింది. డెబ్బై నాలుగు మిల్లీమీటర్లు వాస్తవమేనని ధ్రువీకరించడమైనది." అందమైన ముద్ర.

కిందటి వారం యోహాను పండుగ. ఇంటింటి ముందూ మంటలు వేశారు, కాల్చడానికి కండెలు ఒక్క బెలర్మీనో దగ్గరే ఉన్నాయి. ఇంటికో నాలుగు చొప్పున వీధంతా పంచాడు. తింటూ తింటూ జనం ఏమన్నారో తెలుసా?

"ఆ పిల్ల వీడికొక్కడికే చెప్పింది చూడు! మనకి గట్టిగా చెప్పుంటే మనం మాత్రం ఎయ్యకపోదుమా?"

"వాన లెక్క పంపకుండా నొక్కేసింది కూడా ఆవిడే అయ్యుంటుంది."

"పంపించెయ్యాలి. అర్జీ పెట్టాలి. ఎర్మోజెనెస్ గారు రాస్తారు, ఆయన చేతిరాత గుండ్రంగా ఉంటుంది."

నా నోట్లో బెలర్మీనో కండె ఉంది. తల ఊపాను.

ఇప్పటికే ఆమెకి రాజధాని నుంచి రెండు సంజాయిషీ నోటీసులు వచ్చాయి. ఒకటి అనుమతి లేని సూచన ఇచ్చినందుకు, ఒకటి గొడుగుకి. సూచన నిజమైంది కదా అని అడిగితే, అది వేరే విషయం అన్నారట. మా అర్జీ కూడా వెళితే ఆమె ఈ ఊళ్ళో ఉండదు.

తప్పుడు సూచన వరమని మొదట్లోనే ఎందుకన్నానో ఇప్పుడర్థమైందా? అది వరమే, సెంటు పొలం లేనివాడికి! ఉయ్యాలలో పడుకునేవాడికి! ఊరంతా ఆమెని తిడుతున్నంత కాలం ఆ డబ్బా ఎవరి వంటింట్లో ఉందో ఎవరూ అడగలేదు. నన్ను కాపాడటానికి ఆమె కూడా చెప్పలేదు. నేను సిగ్గుపడాలి, పడుతున్నాను.

అర్జీ రాయమన్నారు. నాలుగు రోజులు కూర్చుని రాశాను. మీరు ఇప్పటిదాకా చదివింది అదే, రాజధానికి కాదు, పత్రికకి ఇస్తున్నాను. ఎవర్ని పంపించాలో మీరే తేల్చుకోండి. కింద నా సంతకం ఉంది, ముద్ర లేదు, అయినా నమ్మండి.

పత్రిక ఆదివారం మీ చేతికి వస్తుంది. ఆ పూట మా అరుగు మీద తిట్ల వాన కురిసే అవకాశం నూటికి నూరు శాతం. సరిగ్గా ఏడింటికి డబ్బా పక్కనే నిలబడి ఉంటాను. ఈసారి దేన్నీ లోపలికి తీసుకుపోను.